దారం కట్టిన సీసా

"తినే బల్ల మీద పెట్టొద్దని చెప్పానా లేదా?" అని మా అత్తయ్యగారు మూడోసారి అన్నారు.

మూడోసారీ మా ఆయన తీయలేదు. పెరుగు గిన్నెకీ పచ్చడి జాడీకీ మధ్య నల్లటి మూత ఒకటి వెల్లకిలా పడుంది. కారు ఇంజిన్‌లో నూనె పోసేచోట ఉండే మూత. దాని లోపల తెల్లగా, చిక్కగా, వేలితో తీస్తే మీగడలా వచ్చేదేదో అంటుకుని ఉంది.

"ఉండనీ అమ్మా. అందరూ చూడాలి. ఎనిమిది నెలలు కూర్చుని చేసిన ఇంజిన్ ఇది," అన్నారు మా ఆయన చక్రపాణి.

"కూర్చుని కాదు నాన్నా, పడుకుని చేశాను. కారు కింద," అంది అమల.

"నూనెలో నీళ్లు కలిస్తే ఇలాగే అవుతుంది. మీ ఉస్తాద్ చెప్పలేదా?"

"చెప్పాడు. వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగితే మూత కింద తేమ పట్టి కూడా ఇలాగే అవుతుందనీ చెప్పాడు. వారం నుంచి ఈ కారు కూరగాయల బండి దాకా తప్ప ఎక్కడికైనా వెళ్ళిందా? ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తున్నాం."

"పొద్దుట్నుంచీ ఇదే మాట చెప్తున్నావు."

"పొద్దుట్నుంచీ నువ్వు వినట్లేదు."

అత్తయ్యగారు పెరుగు గిన్నె తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయారు. "మీ ఇద్దరికీ తీర్పయ్యేదాకా నేను అక్కడే తింటాను," అన్నారు లోపల్నుంచి.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన వారం. బస్సుల్లేవు, బడుల్లేవు. చైతన్యపురి రోడ్డులో ఆయన పాఠం చెప్పే కాలేజీకి తాళం. హాస్టల్ పిల్లలంతా ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఎప్పుడూ తువ్వాళ్ళూ చొక్కాలూ వేలాడే ఆ బాల్కనీలు ఖాళీగా ఉండేవి. బొగ్గు గనుల్లో పని ఆగిపోయి కరెంటు రోజులో సగం ఉండేది కాదు. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దమే. ఫ్యాన్ ఆగిపోయాక గదిలో మిగిలే నిశ్శబ్దం లాంటిది, ఊరు మొత్తానికీ. పగలే పావురాల రెక్కల చప్పుడు వినిపించేది. ఏ రోజు ఏ వారమో నాలుగైదుసార్లు అడిగితే గానీ తెలిసేది కాదు.

మా ఆయన అంతకు నెల ముందే విజయవాడ మాట ఎత్తారు. కాలేజీ వాళ్ళకి అక్కడ ఇంకో శాఖ ఉంది, దసరా తర్వాత వచ్చి చేరమన్నారు. కోస్తా నుంచి వచ్చారని ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. క్లాసులో ఒక నల్గొండ అబ్బాయి మామూలుగా, బస్సు ఎన్నింటికని అడిగినట్టు, "సార్, మీరెప్పుడు పోతున్నరు?" అని అడిగాడట. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు.

విజయవాడ వెళ్తే అమల బ్యాంకు పరీక్షలకి చదవాలి. అది ఆయన లెక్క. అమల లెక్క వేరు. బీటెక్ అయ్యాక అది ఎల్‌బీ నగర్‌లో కార్లు బాగుచేసే భిక్షపతి షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. మా ఎర్ర చిన్న కారులోంచి పాత ఇంజిన్ తీసేసి, అదే కంపెనీ పెద్ద కారు ఇంజిన్‌ని దాంట్లో పట్టించింది. పైభాగాన్ని కొంచెం అరగదీయించి బలం పెంచింది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి.

ఆ మూత ముందు కూర్చునే తండ్రీ కూతుళ్ళు ఒప్పందానికి వచ్చారు. దసరా లోపు ఇల్లు చూడ్డానికి అందరం ఈ కారులోనే విజయవాడ వెళ్ళాలి. దారిలో ఎక్కడా ఆగకుండా చేరిస్తే అమల షెడ్డు మానక్కర్లేదు, ఇక్కడే ఏదైనా హాస్టల్లో ఉండి పని నేర్చుకోవచ్చు. ఆగిపోతే, లేదా బయల్దేరకముందే ఇంజిన్ పాడైందని తేలితే, కారు అమ్మేయాలి, అమల మాతోపాటు రావాలి.

"నానమ్మ సాక్షి," అంది అమల.

"నన్ను కలపకండి," అన్నారు అత్తయ్యగారు గదిలోంచి.

*

మర్నాడు భిక్షపతి అల్మాస్‌గూడ నుంచి సైకిల్ మీద వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి. సూర్యాపేట దగ్గర పల్లె నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయిందని చెప్పేవాడు. సమ్మె కదా, షెడ్డు షట్టర్ సగం దించి ఉంచుతున్నాడు. జేబుకి గులాబీ రంగు గుడ్డముక్క గుచ్చుకుని ఉంది.

మూతని వెలుగులోకి పట్టుకుని చూశాడు. నూనె కొలిచే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు.

"పుల్ల మీద మంచిగనే ఉన్నది సార్. మూతకే పట్టింది. గిది తేమ గావొచ్చు, గాకపోవొచ్చు."

"కావచ్చు, కాకపోవచ్చు అయితే నువ్వు రావడం ఎందుకయ్యా?"

"ఆగుండ్రి సార్, జర. మీరు పరీక్ష వెట్టకుండనే మార్కులేస్తరా?" అని నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, తెల్ల దారం ఉంటే ఇయ్యుండ్రి," అన్నాడు.

నేను కుట్టు డబ్బాలోంచి దారపు ఉండ తెచ్చిచ్చాను. ఇంజిన్ పక్కన ప్లాస్టిక్ సీసాలో ఇంజిన్‌ని చల్లబరిచే పచ్చటి నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఎంతవరకు ఉన్నాయో సరిగ్గా అక్కడ సీసా చుట్టూ దారం బిగించి కట్టాడు.

"ఐదు దినాలు. రోజు పొద్దుగాల హయత్‌నగర్ దాంక పోయి రాండ్రి, ఇంజిన్ మంచిగ కాలాలె. నీళ్లు దారం కాడనే ఉంటే తేమ. దిగితే లోపట్కి పోతున్నట్టు, నూనెల కలుస్తున్నట్టు. గంతే."

"బయట కారిపోతే?" అంది అమల.

"కారితే కింద మరక పడతది గద బిడ్డా. అట్టముక్క ఏసి వెట్టు."

అమల కారు కింద అట్టముక్క పరిచింది. మా ఆయన వచ్చి ఆ అట్ట నాలుగు మూలలూ సరిచేసి వెళ్ళారు.

*

మొదటిరోజు హయత్‌నగర్ వెళ్ళొచ్చారు. రెండో రోజు పొద్దున్న కరివేపాకు మొక్కకి నీళ్లు పోయడానికి చెంబుతో బయటికి వచ్చాను. ఇంకా ఎవరూ లేవలేదు. మంచు పడుతున్నట్టు, పడనట్టు ఉంది. ఎర్ర కారు ఆ వెలుతురులో గచ్చకాయ రంగులో కనిపించింది. లోపల మీట లాగి బానెట్ ఎత్తడం అమలే నాకు నేర్పింది. ఊరికే చూద్దామని ఎత్తాను.

నీళ్లు దారానికి వేలెడు కిందికి ఉన్నాయి.

ఇరవై మూడేళ్లుగా ఇంట్లో ఏది తగ్గినా తగ్గినట్టు ఎవరికీ తెలియకుండా చూడటమే నా పని. అతిథులు ఒకరెక్కువ వస్తే చారులో నీళ్లు పోస్తాను. ఉప్పు డబ్బా అడుగు ఎవరూ చూడకముందే నింపుతాను. అత్తయ్యగారి మందుల డబ్బా ఎన్నడూ ఖాళీ కాలేదు. ఆ పొద్దున్న నేను ఆలోచించానా అంటే, ఆలోచించాననే చెప్పాలి. పిల్లని బ్యాంకు పరీక్షల పుస్తకాల ముందు కూర్చోబెట్టినట్టు ఒక్క క్షణం కనిపించింది. చేతిలో చెంబు ఉంది. సీసా మూత తిప్పి దారం దాకా పోశాను. మిగిలిన నీళ్లు కరివేపాకుకి పోశాను.

మూడో రోజూ పోశాను. నాలుగో రోజూ, ఐదో రోజూ.

ఆ రోజుల్లో ఒకే కల మళ్ళీ మళ్ళీ వచ్చేది. మా ఇంటి గదుల్లో నీళ్లు మోకాళ్ల దాకా ఉంటాయి, పచ్చగా, కదలకుండా. గోడల చుట్టూ తెల్ల దారం కట్టి ఉంటుంది. నేను చెంబుతో అటూ ఇటూ తిరుగుతుంటాను. ముంచాలో, పోయాలో గుర్తుండదు.

మూడో రోజు ప్రయాణానికి నన్ను కూడా రమ్మంది అమల. హైవే మీద మేమొక్కళ్ళమే. ఎప్పుడూ లారీల మధ్య దారి వెతుక్కునే ఆ రోడ్డు ఏరు ఎండినట్టు వెడల్పుగా పడి ఉంది. అమల ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని తల కొంచెం వంచి వింటోంది. నేను పాలు పొంగే ముందు చప్పుడు వింటాను, అలా. దాని ముఖంలో అంత శాంతి నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన వెనక సీట్లో కూర్చుని వేడి చూపించే ముల్లు వైపే చూస్తున్నారు.

తిరిగి వస్తుంటే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సమ్మె వాళ్ళు ఆపేశారు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పెద్ద గంగాళాల్లో అన్నం ఉడుకుతోంది. డప్పు మోగుతోంది. భిక్షపతి భార్య రాములమ్మ గరిటె పట్టుకునే మా కారు దగ్గరికి వచ్చింది.

"దిగు సార్, దిగు. తినకుంట పోనియ్యం. ఇయ్యాల గిదే టోల్‌గేటు."

మా ఆయన దిగారు. విస్తరాకులో వేడి అన్నం, పప్పు వేశారు. పక్కన నిలబడి తింటున్న పెద్దాయన ఒకాయన, "ఏ ఊరు సార్ మీది?" అని అడిగాడు.

ఆయన చేయి ఆగింది. "చైతన్యపురి," అన్నారు.

"అట్లనా. గీడనే గదా," అని ఆ పెద్దాయన తన ఆకులో ఉల్లిపాయ తీసి ఆయన ఆకులో వేశాడు.

ఇంటికి వచ్చేదాకా ఆయన ఆ ముల్లు వైపు చూడలేదు.

*

ఆరో రోజు పొద్దున్న కూడా పోశాను. కాసేపటికి భిక్షపతి వచ్చాడు. అందరం కారు చుట్టూ నిలబడ్డాం. అత్తయ్యగారు కూడా కుర్చీ వేయించుకున్నారు.

నీళ్లు దారం మీదే ఉన్నాయి.

"అయితే తేమేనా?" అన్నారు మా ఆయన. ఓడిపోయిన మనిషి గొంతులా లేదు. కొంచెం తేలికపడినట్టే ఉంది. "అట్ట మీద మరకా లేదు. సరే, తేమే."

అమల నానమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. "వదలవే, నూనె కంపు," అన్నారావిడ, వదిలించుకోకుండానే.

భిక్షపతి మాత్రం ఒక గాజు గ్లాసు అడిగాడు. సీసాలోంచి కొంచెం నీళ్లు తీసి ఎండకి పట్టాడు. ఆరు రోజుల కింద చిలక రంగులో ఉన్న నీళ్లు ఇప్పుడు నిమ్మరసంలా వెలిసిపోయి ఉన్నాయి. గ్లాసు అడుగున బోరు నీళ్ల సున్నం తెల్లగా పేరుకుంది. అతను గ్లాసు చూశాడు. కరివేపాకు కుదురు పక్కన నేను పెట్టిన చెంబు చూశాడు.

"మొక్కలకు నీళ్లు మంచిగ పోస్తున్నరు అమ్మా," అన్నాడు.

నేను వంగి కుదురు మట్టి సర్దాను.

"బండిని సాయంత్రం షెడ్డుల నిలవెట్టు బిడ్డా. రాత్రంత కదలొద్దు. నూనె తేలుతది, నీళ్లుంటే కిందికి దిగుతయి. పొద్దుగాల అడుగు బోల్టు ఇప్పి సూద్దాం, ఒక్కసారి," అని అమలతో చెప్పి సైకిలెక్కాడు.

*

మర్నాడు పొద్దున్నే అమలతోపాటు నేనూ షెడ్డుకి వెళ్ళాను. ఎందుకు వస్తున్నావని అది అడగలేదు. ఇద్దరం నడిచే వెళ్ళాం, మూసిన కొట్ల మధ్య, రోడ్డు మధ్యలోంచి. రాములమ్మ ఇత్తడి గ్లాసుల్లో టీ ఇచ్చింది. షట్టర్ సందులోంచి వెలుతురు నేల మీద పొడుగ్గా పడింది.

అమల కారు కింద వెల్లకిలా పడుకుని అడుగు బోల్టు మెల్లగా, సగం మర మాత్రమే వదులు చేసింది. భిక్షపతి తెల్లటి పళ్లెం పట్టాడు.

మొదట ఒక్కో చుక్క. తర్వాత సన్నటి ధార. నీళ్లు. దాని వెనక పాలు ఎక్కువైన కాఫీ రంగులో నూనె.

అమల బయటికి వచ్చి పళ్లెం ముందు కూర్చుంది. వేలితో తాకి, వాసన చూసి, మళ్ళీ తాకింది.

"ఎట్లొచ్చినయి ఉస్తాద్? సీసల తగ్గలేదు గదా. నేను రోజూ సూసిన." షెడ్డులోకి వస్తే దాని మాట మారిపోతుంది, అదెప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. "నేనే తప్పు సూసిన్నా? దారం జారిందా?"

భిక్షపతి పాత గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంటున్నాడు. చెప్పడు. చెప్పే మనిషి కాదు. అమల తన కళ్ళని తానే అనుమానిస్తోంది. అది నేను చూడలేకపోయాను.

"నేనే పోశాను," అన్నాను.

అమల తలెత్తింది.

"ఎంత?"

"రోజూ కొంచెం."

"కొంచెం అంటే ఎంత అమ్మా? చెంబు నిండానా?"

"సగం."

అది లేచి, ఇంట్లో మా చెంబు ఎంత పడుతుందో గుర్తు చేసుకుని, గోడకి వేలాడే నోటు పుస్తకంలో రాసుకుంది. "రోజుకి పావు లీటరు. ఐదు పొద్దులు. లీటరుం పావు." రాసిన పెన్ను చెవి వెనక పెట్టుకుంది.

"గీ లెక్కన విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటకముందే ఇంజిన్ పట్టేస్తుండె," అన్నాడు భిక్షపతి మెల్లగా. "నలుగురు ఉంటిరి లోపట."

రాములమ్మ నా చేతిలో చల్లారిన టీ గ్లాసు తీసుకుని, వేడిది పెట్టింది.

తర్వాత వాళ్లిద్దరూ ఇంజిన్ విప్పడం మొదలుపెట్టారు. నేను స్టూలు మీద కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను. బయట ఊరేగింపు ఒకటి వచ్చి వెళ్ళింది, నినాదాలు దగ్గరై దూరమయ్యాయి. లోపల ఒక్కో మర వదులవుతున్న చప్పుడు. పైభాగం లేపాక, ఇంజిన్ రెండు భాగాల మధ్య వేసే పల్చటి రేకు ఒకచోట కాలి నల్లబడి ఉంది. నీళ్ల కన్నానికీ నూనె కన్నానికీ మధ్య సరిగ్గా ఆ వేలెడంతే.

అమల రేకుని పక్కన పెట్టి బోల్టులు వరసగా పేర్చింది. షెడ్డులో ఉన్న ఒక కొత్త బోల్టు తెచ్చి పక్కన పెట్టింది. పాతవన్నీ దానికన్నా వెంట్రుకంత పొడుగ్గా ఉన్నాయి.

"సాగినయి," అంది. "బలం పెంచిన ఇంజిన్‌కి పాత బోల్టులే ఏసిన. బిగించినా పట్టలేదు."

"నేను జెప్తినా, లేదా?"

"చెప్పినవ్."

"ఇనకపోతివి."

"ఇనలేదు."

సామాన్ల కొట్లు సమ్మె అయ్యేదాకా తెరవరు. కొత్త బోల్టులు, కొత్త రేకు దొరకాలి. దసరాకి ఈ కారు కదలదు.

ఇంటికి నడిచి వస్తుంటే కొత్తపేట దగ్గర అమల ఆగింది. షెడ్డు మాట పోయి ఇంటి మాట వచ్చింది.

"నువ్వు చూసినరోజే చెప్పుంటే ఆ రోజే విప్పేదాన్ని అమ్మా. నాలుగు రోజులు ఆ నీళ్ల నూనెతో నడిపాను."

"నిన్ను తీసుకెళ్లిపోతారని పోశాను."

"తెలుసు." నాలుగడుగులు వేసి అంది. "పాడైతే నేను బాగుచేయలేననుకున్నావు కదా?"

ఖాళీ రోడ్డు మీద మా రెండు నీడలు కురచగా మాతోపాటే నడిచాయి. దాని చేతుల్లో గోళ్ల చుట్టూ నల్లటి గీతలు. అవి సబ్బుతో పోవని నాకు అప్పుడే తెలిసింది, ఎన్ని నెలలుగానో ఆ చేతులకే అన్నం వడ్డిస్తున్నాను.

*

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. నలుగురం బల్ల దగ్గర కూర్చున్నాం. అన్నం కలుపుకోకముందే అమల చెప్పేసింది.

"నాన్నా, తేమ కాదు. నూనెలో నీళ్లు కలుస్తున్నాయి. పాత బోల్టులు వేశాను, తప్పు నాదే. దసరాకి కారు రాదు."

ఆయన ఆకుకూర వైపు చూశారు. గెలిచిన సంతోషం ఏమీ లేదు ఆ ముఖంలో. "మరి దారం?" అన్నారు.

"నేను నింపాను," అన్నాను. "రోజూ పొద్దున్న."

అత్తయ్యగారు విసనకర్ర ఆపారు.

"నువ్వా?" అన్నారాయన. "ఎందుకు ప్రభా?"

"మీరు పరీక్ష పెట్టారు. అది తప్పుతుందేమోనని భయపడ్డాను. మీ హాల్లో చీటీ అందించేవాళ్ళు ఉంటారే, అలా."

"అందించినవాళ్ళనీ పంపించేస్తాం మేం," అన్నారు. అలవాటుగా వచ్చింది ఆ మాట. అని, ఆయనే ఆగిపోయారు.

"అదే చెప్తున్నాను, తప్పు నాది కూడా," అన్నాను.

ఎవరూ తినడం లేదు. వీధిలో ఎవరో పాలపాకెట్ల కోసం తలుపు కొడుతున్నారు.

"నీ మాట నువ్వు చెప్పు అమలా," అన్నారు మా ఆయన. "ఒప్పందం ఒప్పందమే కదా?"

"ఒప్పందమే," అంది అది. కళ్ళు దించలేదు. "కారు అమ్మేయండి. కానీ బాగుచేశాకే అమ్మండి. అలా విప్పి పడేసినదాన్ని అమ్మొద్దు. నెల పడుతుంది. ఆ తర్వాత వస్తాను."

ఆయన తలూపబోయారు. నేను అత్తయ్యగారికి చారు వేసి, ఆయనకి వేసి, గరిటె గిన్నెలో పెట్టాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది, రేపు ఏం వండాలో చెప్తున్నట్టు.

"కారు అమ్మం. అమల రాదు. నేను కూడా రాను," అన్నాను. "మీరు దసరా తర్వాత వెళ్ళి చేరండి. వెళ్ళొద్దని నేను అనను. అత్తయ్యగారు ఎక్కడ ఉంటారో ఆవిడ ఇష్టం. ఈ ఇల్లు ఖాళీ చేయడం లేదు. నేనూ అమలా ఇక్కడే ఉంటాం."